రోగశయ్యపై బాల్యము

బిడ్డకు జబ్బు చేసినచో ఇల్లంతయు జబ్బు పడునని ఎరుగని సంసారులు లేరు. తల్లి నిద్ర మానును. తండ్రి అప్పునకు బయలుదేరును. తక్కిన పిల్లలు మూలల నొదిగి యుందురు. ఆ జబ్బు కుదురదని వైద్యుడు చెప్పిననాడు ఆ యింటికి తోడెవరు? ఇంగ్లండు దేశమువారికి ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూఱేండ్లకు పైగా పట్టెను. ఆ చరిత్రము మనకును పనికివచ్చునని తలచి ఇచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

1852వ సంవత్సరమున చార్లెస్ వెస్టు అను వైద్యుడు లండనులోని గ్రేట్ ఆర్మండ్ వీధియందు పది పడకలతో పిల్లల ఆసుపత్రిని నెలకొల్పెను. అది గొప్ప యుపకారమే. అయినను ఇట్టి ఆసుపత్రులు పెరిగినకొలదిని కట్టుబాట్లును పెరిగెను. బయటివారివలన అంటురోగములు వచ్చుననియు, తల్లిని చూచినచో బిడ్డ యేడ్చుననియు చెప్పి తలిదండ్రులను వాకిటనే నిలిపిరి. 1949లో సైతము లండనులోని కొన్ని ఆసుపత్రులయందు వారమున కొకదినము, అదియు గంట రెండు గంటలు మాత్రమే, బిడ్డను చూడనిచ్చెడివారు. ఒకచోట మొదటి నెల బిడ్డ నిద్రించుచుండగా చూచి పోవలెనే కాని పలుకరింపరాదు. ఏడ్చి యేడ్చి యూరకున్న బిడ్డను చూచి, వీడు అలవాటు పడినాడని నర్సులు సంతోషించెడివారు.

ఆ మౌనము అలవాటు కాదనియు, ఆశ యుడిగిపోవుటయే యనియు జేమ్స్ రాబర్ట్‌సన్ అను నాతడు కనిపెట్టెను. చిన్న శస్త్రచికిత్సకై ఆసుపత్రిలో చేరిన రెండేండ్ల బాలికను గూర్చి ఆతడు 1952లో ఒక చలనచిత్రమును ప్రదర్శించెను. పలువురు వైద్యులు కోపించిరి. కాని కన్నులతో చూచినదానిని కాదనుట సులభము కాదు. 1959లో ప్లాట్ అను వైద్యుని అధ్యక్షతను ప్రభుత్వసంఘ మొకటి నివేదిక నొసగుచు, తలిదండ్రులను ఆటంకములేక రానీయవలెననియు, పసిబిడ్డలకడ తల్లి నుండనీయవలెననియు, ఆటపాటలకు ఏర్పాట్లుండవలెననియు చెప్పెను.

అమెరికాయందు క్లీవ్‌లండు నగరపు ఆసుపత్రిలో ఎమ్మా ప్లాంక్ అను నామె 1955 నుండియే ఈ ఆటల పనిని నడపుచుండెను. ఆట యనగా ఊరక ప్రొద్దుపుచ్చుట యని పెద్దలు తలతురు. బొమ్మకు తాను సూది వేసిన బిడ్డ తనకు వేయబోవు సూదికి కొంత తక్కువ భయపడును. నోట చెప్పలేని దుఃఖమును బొమ్మచేత చెప్పించును. తన దేహమునకేమి జరుగునో అంతయు పరులే నిర్ణయించుచున్నపుడు, ఎఱ్ఱరంగా, పచ్చరంగా యని తానే యెన్నుకొనగలుగుట ఆ బిడ్డకు మిగిలిన స్వాతంత్ర్యము.

ఇంతవఱకు జరిగిన సంస్కారము కోలుకొను బిడ్డలకు ముఖ్యముగ నుపకరించెను. కోలుకొనని వారి మాట యేమి? సిసిలీ సాండర్సు 1967లో లండనున స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్ హాస్పీసు ముఖ్యముగ పెద్దలకొఱకు. 1978లో మెదడులో కంతి గల ఒక చిన్న బాలికకు ప్రాణము నిలిచెనే కాని పూర్వపు ఆరోగ్యము రాలేదు. తలిదండ్రు లామెను ఇంటికి తెచ్చుకొని రేయింబవళ్లు సాకుచుండిరి. సిస్టర్ ఫ్రాన్సిస్ డొమినికా అను సన్యాసిని ఆ బాలికను అప్పుడప్పుడు కొన్ని దినములు తమ మఠమున నుంచుకొని వారికి విశ్రాంతి కల్పించెను. ఈ చిన్న సాయమునుండియే 1982 నవంబరులో ఆక్స్‌ఫర్డునందు, ఆ బాలిక పేరిట, హెలెన్ హౌస్ పుట్టినది. ప్రపంచమున పిల్లలకొఱకే ఏర్పడిన మొదటి హాస్పీసు అదియే. బిడ్డను ఇంటినుండి తీసికొనిపోవుట దాని యుద్దేశము కాదు. ఇల్లు అలసి కూలకుండ నిలుపుటయే. ఆ త్రోవనే పిమ్మట నర్సులు రోగి యింటికే పోవుటయు, ఆటలు నేర్చినవారు రోగితోడను, తోబుట్టువులతోడను కూర్చుండుటయు వ్యాపించెను. ఈ సేవ వ్యాధి తెలిసిననాడే ఆరంభింపవలెననియు, కుటుంబమునకును చెందవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో నిర్వచించెను.

మన దేశమున బాధ తగ్గించు మార్ఫిన్ సయితము 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమువలన రోగులకు దుర్లభమయ్యెను. 2014లో ఆ చట్టమును సవరించి కొంత వెసులుబాటు కల్పించిరి. హైదరాబాదులోని ఎమ్. ఎన్. జె. ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి పిల్లలకును ఇట్టి ఉపశమన చికిత్స నొసగుచున్నది. అయినను చట్టమును, మందును ఇంటిపని నంతయు చేయజాలవు. పోవు బిడ్డకు ఆటలేల యని పెద్దలు నిట్టూర్చుదురు. బ్రతికియున్నంతవఱకు బిడ్డ బిడ్డయే గదా! పరామర్శకు పోవు మనము పండ్లబుట్ట నచటనుంచి కన్నీరు తుడుచుకొని మరలుచున్నాము. ఒక రాత్రి ఆ తల్లిని నిద్రింపుమని చెప్పి మనము మేలుకొనవచ్చును. ఒక సాయంకాలము ఆ యింటి రెండవ బిడ్డతో గవ్వలాడవచ్చును. ఆక్స్‌ఫర్డునందలి సంస్థయు ఇంతకంటె పెద్దపనితో ఆరంభము కాలేదు.