ఓడొచ్చీసిందేటి?

చిన్నాడు నా కొంగు చివర వేలికి చుట్టుకుని పడుకున్నాడు. బంకు ఒక్క మనిషికే ఇరుకు, మేం ఇద్దరం. వీపు ఆన్చిన ఇనప గోడలోంచి ఇంజిను గుర్రుమంటూనే ఉంది. రెండు రాత్రులుగా ఒక్క క్షణం ఆగలేదు. పై బంకులో పెద్దది, దాని కాళ్ల దగ్గర ముడుచుకుని మా ఆయన. కింద సామాను: రెండు ట్రంకు పెట్టెలు, మిక్సీ, గుడ్డ వాసెన కట్టిన ఆవకాయ జాడీ, అమ్మ బలవంతంగా కట్టిచ్చిన అయిదు కేజీల చింతపండు. ఓడ ఒరిగినప్పుడల్లా జాడీ ట్రంకుకి తగిలి టక్కుమంటుంది. నేను లేచి తడిమి చూసి మళ్లీ పడుకుంటాను. అవతల వరసలో ఎవరో నిమ్మకాయ కోశారు. డీజిలు, ఫినాయిలు, ఎవరో కక్కిన వాసన, వీటన్నిటి మధ్య ఆ ఒక్క నిమ్మకాయ ప్రాణానికి హాయిగా ఉంది.

విమానమైతే రెండు గంటల్లో దింపేది. సామాను ఉంది కదా అని ఓడ ఎక్కాం. పైగా మా ఆయన "పిల్లలకి దూరం అంటే ఏమిటో తెలియాలి" అన్నాడు. ఆ మాటన్న మనిషి రెండో రోజంతా తల ఎత్తలేదు. విశాఖ నుంచి దాదాపు 1200 కిలోమీటర్లు. మొన్న రేవు దాటుతుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ చాలాసేపు వెంటే వచ్చినట్టుంది. తర్వాత అదీ నీలం మరకయింది, ఫోనులో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. "చేరాక జాడీ మూత..." దగ్గర అమ్మ గొంతు తెగిపోయింది. జాడీ మూత ఏం చెయ్యాలో ఇప్పటికీ తెలీదు.

మామ్మ ఉండుంటే ఈ ప్రయాణం పడనిచ్చేది కాదు. ఆవిడ నోట అండమాన్ అనే మాటే రాదు. "ద్వీపాంతరం" అనేది. ఊళ్లో ఎవడైనా తలకాయ పగలగొడితే "వీడు ద్వీపాంతరం పోతాడు" అని శపించేది. ఆ శిక్ష పోయి చాలా ఏళ్లయినా మాట మిగిలింది. ఇప్పుడు మేం అక్కడికే పోతున్నాం. మా ఆయనకి బదిలీ, రెండేళ్లు, దీవిలో ఉన్నందుకు జీతంతో పాటు ప్రత్యేక భత్యం కూడాను.

"అమ్మా! పచ్చగా ఉంది!"

పెద్దది నా భుజం పట్టి కుదుపుతోంది. చిన్నాణ్ణి చంకనేసుకుని ఇనప మెట్లెక్కుతాను. డెక్కు మీద ఉప్పుగాలి మొహాన కొడుతుంది. మూడు రోజుల నీలం తర్వాత మొదటి పచ్చ. ఎత్తుపల్లాలుగా, నీటి అంచు దాకా అడవి. ఇసుక కోసం వెతుకుతాను, కనబడదు. చెట్లే నేరుగా సముద్రంలోకి దిగుతున్నాయి. మా ఆయన పర్సులోంచి పాత ఎర్రరంగు ఇరవై నోటు తీసి వెనకవైపు తిప్పి పెద్దదానికి చూపిస్తాడు: కొబ్బరిచెట్లు, దూరంగా దీపస్తంభం. నార్త్ బే దీపస్తంభానిదే ఆ బొమ్మ. "అదిగో, ఆ దీపమే ఇది." పెద్దది నోటు కంటికి ఆన్చుకుని, తీసి చూసి, మళ్లీ ఆన్చుకుని, "నోట్లో చెట్లు ఎక్కువున్నాయి" అంటుంది. దీనికి ఆరేళ్లు, మోసం ఎక్కడున్నా పట్టేస్తుంది.

హాడో రేవులో ఓడ గోడకి ఆనుకుంటుంది. పైనించి చూస్తే కింద జనం, కూలీలు, ఆటోలు, ఎవరెవరినో వెతుక్కునే చేతులు. నేను హిందీ కూడబలుక్కుంటున్నాను, కూలీతో ఏమనాలా అని. ఈలోగా కింద ఒకాయన నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టి అరుస్తాడు:

"ఒరే, మా అప్ప వస్తందేటిరా ఈ ఓడలో?"

ద్వీపాంతరంలో నా చెవిన పడ్డ మొదటి మాట అది.

*

ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. ఆటో అబ్బాయికి మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే. సముద్రపు ఊరు కదా, చదునుగా ఉంటుందనుకున్నాను. ప్రతి వీధీ ఎక్కుడో దిగుడో. జంగ్లీఘాట్‌లో మా ఇల్లు దిగుడులో, రేకుల కప్పుతో ఉంది. కుడిపక్క బెంగాలీ కుటుంబం. ఎడమపక్క రాంచీ వాళ్లు: తాతల కాలంలో అడవి పనికి ఛోటానాగ్‌పూర్ నుంచి వచ్చినవాళ్లని ఇక్కడ అందరూ అలాగే అంటారు. ఎవరి ఇంట్లో వాళ్ల భాష, గోడ దాటితే హిందీ. వ్యాకరణం లేని, లింగభేదం పట్టించుకోని హిందీ. నాకది మహా ఉపకారం చేసింది.

మొదటి తెల్లవారుజామున ఎండ కిటికీలోంచి నేరుగా కళ్లలో పడుతుంది. లేటయిందని గాభరాగా లేస్తాను. గడియారం అయిదున్నర. తూర్పున ఇంత దూరం వచ్చినా గడియారం మాత్రం దేశం గడియారమే. సాయంత్రం అయిదున్నరకల్లా దీపాలు వెలిగించాలి. పిల్లల ఆకలి సూర్యుణ్ణి బట్టి వేస్తుంది, మా ఆయన ఆఫీసు గడియారాన్ని బట్టి నడుస్తుంది, మధ్యలో నేను.

నీళ్ల సంగతి అయిదో రోజుకి అర్థమైంది. మా వీధికి మార్చిలో కుళాయి మూడు రోజులకోసారి. చుట్టూ సముద్రం, ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, అయినా బిందెల వరస! కొండలు నిటారుగా ఉన్నాయి, పడ్డ వాన పడ్డట్టే సముద్రంలోకి జారిపోతుంది. పట్టి ఉంచడానికి ఊరికి పెద్ద ఆధారం ధనిఖారి ఆనకట్టే. వానలు ఆగిన నాలుగు నెలలకి అది అడుగంటుతుంది. పక్కింటి బెంగాలీ ఆవిడ నన్ను చెయ్యిపట్టి పెరట్లోకి తీసుకెళ్లి, మా ఇంటి రేకు అంచున వేలాడుతున్న తూము చూపించి, కింద డ్రమ్ము పెట్టాల్సిన చోటు కాలితో గీసింది. అక్కడ నేను తులసి నాటుదామనుకుంటున్నాను.

*

చేపల రేవు ఇంటికి పది నిమిషాల నడక. ఆరింటికి వెళితే ఆలస్యమే. డోంగీలు అప్పటికే వచ్చేసి ఉంటాయి. ఇక్కడ చిన్న పడవని డోంగీ అంటారు. నేల తడి, మంచుపొడి కాళ్ల కింద కరకరమంటుంది. నేను చిన్నాణ్ణి చంకనేసుకుని, వరసగా కూర్చున్న ఆడవాళ్ల ముందు ఆగుతాను. ఒకామె ముందు కానాగంతలు, వీపున ఆకుపచ్చ చారలతో, ఇంకా మెరుస్తూ ఉన్నాయి.

"కిత్‌నా?" అంటాను.

ఆమె నన్ను ఎగాదిగా చూస్తుంది. నా బొట్టు, నా మంగళసూత్రాల్లో నల్లపూసలు, చిన్నాడి మొలతాడు. "ఏ ఊరమ్మా మీది?"

"శ్రీకాకుళం."

"అది తెలస్తంది నే. శ్రీకాకులంలో ఏ ఊరని."

"టెక్కలి దగ్గర."

"మరి కిత్‌నా అంటావేటి తల్లీ!"

వరస వరసంతా నవ్వింది. నాకు మొహం వేడెక్కింది. ఎందుకంటే ఆ "ఏటి"ని నేను విశాఖలో ఏడో తరగతిలో వదిలించుకున్నాను. కాన్వెంటులో పక్క బెంచీవాళ్లు వెక్కిరిస్తే ఏడ్చి, "ఏమిటి" అనడం అద్దం ముందు నేర్చుకున్నాను. "నేదు"ని "లేదు" చేశాను, "నాను"ని "నేను" చేశాను. మామ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా పక్కన ఎవరూ లేరని చూసుకునేదాన్ని. ఇప్పుడు పన్నెండు వందల కిలోమీటర్లు సముద్రం దాటి వస్తే, చేపల బుట్ట వెనక మామ్మ గొంతు కూర్చుని ఉంది.

2011 జనగణనలో ఈ దీవుల్లో ఉన్నది మూడు లక్షల ఎనభై వేల మంది. అందులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు యాభై వేల దాకా, అంటే వందకి పదమూడు మంది. ఎక్కువమంది మా వైపువాళ్లే. రేవు పనికి, అడవి పనికి, రోడ్ల పనికి, వేటకి వచ్చి ఉండిపోయారు. ఈమె ఇక్కడే పుట్టింది. టెక్కలి ఎప్పుడూ చూడలేదు. వాళ్ల అమ్మ తెచ్చిన మాటల్నే వాడుకుంటోంది, వాటిని ఎగతాళి చేసే కాన్వెంటు ఈమె దారిలో తగల్లేదు.

ఆమె కత్తిపీట కాలి కింద తొక్కిపెట్టి చేపని దాని మీద ఒక్కసారి ముందుకి, ఒక్కసారి వెనక్కి లాగుతుంది. తల దగ్గర గాటు, వేలు లోపలికి పెట్టి మెలితిప్పితే పేగు మొత్తం ఒక్క ముడిగా బయటికొస్తుంది. అది ఎదురుగా కూర్చున్న పిల్లి ముందు పడుతుంది. చూపు మాత్రం నా మీదే ఉంది, మాట ఆగలేదు. తోక, రెక్కలు, కడగడం. చేపకి పది లెక్కపెట్టేంత సేపు కూడా పట్టదు. ఒక పొలుసు ఎగిరి చిన్నాడి బుగ్గకి అంటుకుంది. వాడు దాన్ని గీకి తీసి ఎండకి పట్టి చూస్తున్నాడు.

"చింతపండు ఉందేటి?" అని అడుగుతుంది సంచీ అందిస్తూ.

అయిదు కేజీలు ఉందని చెప్తాను.

"టమాటా?"

"లేవు."

"నాకూ నేవు. ఈ గంపడు సేపలమ్మినా ఇయాల అరకేజీ రావు. ఓడ రానేదు కదేటి."

ఆ మాట నాకు అప్పుడు బోధపడలేదు. బోధపడ్డాక, వంటింట్లో ప్రతి డబ్బా మూత దాని ప్రకారమే తెరుస్తున్నాను. కొబ్బరి, అరటి, చేప ఇక్కడివి. ఉల్లిపాయ, బంగాళాదుంప, పప్పు, బియ్యం, సిమెంటు, సైకిలు ట్యూబు, అన్నీ సముద్రం దాటి రావాలి. అందుకని ఇక్కడ అప్పుకి నెల గడువు ఉండదు. "ఓడొచ్చాక ఇచ్చెయ్" అంటారు, అంతే.

*

మే నెలలో వాన మొదలైంది. రేకు మీద వాన పడుతుంటే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. సైగలతో వడ్డించాను. మూడో రోజుకి చెప్పులకి పచ్చటి బూజు పట్టింది, వారానికి చింతపండుకి పట్టింది. ఆవకాయకి పట్టలేదు, అమ్మ నూనె అంత పోసింది. డ్రమ్ము నిండి పొర్లింది.

వానతో పాటు నత్తలొచ్చాయి. నా గుప్పెడంత నత్తలు. ఇక్కడివి కావవి, ఆఫ్రికావి. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు దాకా జపాన్ సైన్యం ఈ ఊరిని పట్టుకుని కూర్చుంది. ఆ కాలంలో దిగి, వాళ్లు పోయినా ఇవి పోలేదని చెబుతారు. నేను నాటిన బచ్చలి ఒక్క రాత్రిలో ఈనెలతో మిగిలింది. పెద్దదీ, రాంచీ వాళ్ల పిల్లలూ ప్లాస్టిక్ బకెట్టు, టార్చిలైటు పట్టుకుని పెరట్లో తిరుగుతారు. "తైంతాలీస్!" అని అరుస్తుంది ఒక రాత్రి. నలభై మూడు. దానికి తెలుగులో అంకెలు ఇరవై దాకానే వచ్చు.

మధ్యలో చిన్నాడికి టీకా వేయించడానికి గోవింద వల్లభ్ పంత్ ఆసుపత్రికి వెళ్లాను. పక్కనే సెల్యులార్ జైలు. 1906కి కట్టడం పూర్తయినప్పుడు ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే. పోయినవాటి స్థలంలో ఈ ఆసుపత్రి లేచింది. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిని తెచ్చి పెట్టింది ఆ గోడల మధ్యే. చిన్నాడు సూది చూసి కేక పెట్టాడు. నేను వాడి తొడ రుద్దుతూ, కిటికీలోంచి ఆ ఇటికల వైపు చూస్తూ, మామ్మకి ఏమని చెప్పేదాన్నా అనుకున్నాను.

జులై. వాయుగుండమని పడవలు ఆపేశారు. ఓడ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఉల్లిపాయలు అయిపోయి ఎనిమిది రోజులు. బెంగాలీ ఆవిడ దగ్గర నాలుగు తెచ్చాను. అవీ అయిపోయాయి.

సాయంత్రం ఆరు దాటింది, వాన తెరిపిచ్చింది. అమ్మకి వీడియో చేస్తాను. బొమ్మ ఆగకుండా వస్తోంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున 2300 కిలోమీటర్ల కేబులు మొదలైంది, అంతకుముందు అంతా ఉపగ్రహం దయేనట. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. వెనక గోడ మీద ఇంకా పచ్చటి ఎండ. మా ఇంట్లో లైటు వేసి పావుగంటయింది.

"అమ్మమ్మా, మీకింకా సూర్యుడున్నాడా?" పెద్దది ఫోను లాక్కుంటుంది. "మాకు అయిపోయాడు."

"మిగిల్చి పంపుతాలే మీకు," అంటుంది అమ్మ. "జాడీ మూత తీసి ఎండ..."

దూరంగా, హాడో వైపు నుంచి, ఒక లావుపాటి కూత. కిటికీ రెక్క సన్నగా అదురుతుంది. పక్కింట్లో కుర్చీ జరిగిన చప్పుడు. పెద్దది ఫోను నా ఒళ్లో పడేసి గుమ్మంలోకి పరిగెత్తి, చీకట్లోకి, వీధి వీధికంతా వినపడేలా అరుస్తుంది:

"ఓడొచ్చీసిందేటి?"

ఫోనులో అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. నాతో ఇరవై ఏళ్లుగా పట్నం తెలుగే మాట్లాడుతున్న మనిషి.

"ఏటందే గుంట?" అంది.

నేను గిన్నె కోసం లేచాను. నాలుగు ఉల్లిపాయలు బాకీ ఉన్నాను.