రుద్రదేవ మహారాజు దారిలో

భద్రాచలం వంతెన మీద బస్సు నెమ్మదించింది. కిటికీ పక్క సీటు మీదే. కింద పారే గోదావరి దిగువకు పోతే నిడదవోలు సీమ వస్తుంది. అక్కడి చాళుక్య వీరభద్రుడు ఓరుగల్లు ఏలిన కాకతి రుద్రమకు భర్త. సంబంధం గొప్పదే గానీ, ఆమె గద్దె ఆయన ఇచ్చింది కాదు.

సారపాక దాటాక అడవి మొదలు. టేకు, మద్ది, తునికి చెట్లు. పాల్వంచ, కొత్తగూడెం వెనకబడ్డాయి. ఖమ్మంలో బస్సు మారి సూర్యాపేట రోడ్డెక్కండి, కూసుమంచిలో దిగండి.

గణపేశ్వరాలయం రాతి మెట్టు అరికాలికి చురుక్కుమంటుంది. లోపలికి అడుగేస్తే చల్లన. చీకటికి కళ్లు అలవాటయ్యాక భారీ శివలింగం కనబడుతుంది. రుద్రమ తండ్రి గణపతిదేవుని పేరు మీద వెలసిన గుడి. ఆయనకు కొడుకుల్లేరు. కూతుళ్లలో గణపాంబ ధరణికోటకు కోడలైంది. రుద్రమను తండ్రి వారసురాలిని చేశాడు. 1262 నుంచి పాలన ఆమెది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. తండ్రి బిరుదు ‘రాయగజకేసరి’ కూడా ఆమెకే దక్కింది. మగపిల్లాడిలా పెంచారన్నది సినిమాకు పనికొచ్చే కథ. రాళ్లు చెప్పేది మాత్రం బిరుదుల సంగతే.

స్కాట్లాండ్‌లోనూ ఇలాంటి ముచ్చట ఒకటుంది. సదర్లాండ్ ఎలిజబెత్‌కు ఏడాది వయసులో తండ్రి పోయాడు. కౌంటెస్ బిరుదు ఆడపిల్లకు చెల్లుతుందా అని పెద్ద తగువు. 1771లో లండన్ ప్రభువుల సభ ఆమెదేనని తీర్పిచ్చింది. రుద్రమకు తీర్పిచ్చే సభ ఏదీ లేదు. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చాడు, ఓడి వెనక్కి పోయాడు. తూర్పున గోదావరి వైపు కళింగులతో పోరు ఆమె సేనానులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు చూసుకున్నారు.

మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకున్నాడు. అయితే మగడు పోయాక రాజ్యమేలిన రాణి అనుకున్నాడు పాపం! గద్దె పుట్టింటిదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

మళ్లీ బస్సు. సూర్యాపేట దాటి నకిరేకల్, అక్కణ్నుంచి చందుపట్ల. ఇక్కడి శాసనం ముందు కాస్త వంగి చూడండి. అక్షరాలు అరిగినా వేలికి తగులుతాయి. 1289 నవంబరు 27 తేదీది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాన్నిధ్యం చేరారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి వేయించాడు. ఆయన రాజబంధువు కాదు, బంటుల నాయకుడు. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులోనే ఆమె నేలకొరిగిందని చరిత్రకారుల అంచనా.

తర్వాత గద్దె ఎక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. భర్త వైపు వాళ్లకెవరికీ ఓరుగల్లు దక్కలేదు.