మహమ్మారి తెరిచిన మార్కెట్లలో నిలిచినవెన్ని?

మాంద్యంలో మొదలైన వ్యాపారాలే గట్టిగా నిలుస్తాయనే వాదనకు తరచుగా చూపే ఆధారం అమెరికాలోని కాఫ్‌మన్ ఫౌండేషన్ 2009లో చేసిన ఒక అధ్యయనం. ఆ ఏటి ఫార్చ్యూన్ 500 జాబితాలోని కంపెనీల్లో సగానికి పైగా ఆర్థిక మాంద్యంలోనో, షేర్ మార్కెట్ కుదేలైన కాలంలోనో పుట్టినవేనని అది తేల్చింది. లెక్క సరైనదే. కానీ అది బతికి బట్టకట్టిన కంపెనీల లెక్క. అదే కాలంలో మొదలై మూతపడ్డవి ఏ జాబితాకూ ఎక్కవు. 2017లో సెడ్లాచెక్, స్టెర్క్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో కొత్తగా పుట్టిన సంస్థలను ఏళ్ల తరబడి అనుసరించి చూస్తే చిత్రం వేరుగా కనిపించింది. మాంద్యంలో పుట్టిన సంస్థలు తక్కువ ఉద్యోగాలతో మొదలవుతున్నాయి. ఆర్థిక వ్యవస్థ కోలుకున్నాక కూడా అవి మిగతావాటి స్థాయిని అందుకోలేకపోతున్నాయి. కోవిడ్ తర్వాతి వ్యాపారావకాశాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో అధ్యయనాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి.

ఇంకో ప్రసిద్ధ ఉదాహరణ చైనాది. 2003లో సార్స్ వ్యాధి ప్రబలినప్పుడు అలీబాబా సంస్థ టావోబావో అనే ఆన్‌లైన్ అంగడిని ప్రారంభించింది కాబట్టి, ఆన్‌లైన్ అమ్మకాలకు ఆ వ్యాధే పునాది వేసిందంటారు. అయితే అప్పటికి ఏడాది ముందే, 2002లో, అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే, చైనాలో అదే పని చేసే ఈచ్‌నెట్‌లో వాటా కొని ఆ మార్కెట్లోకి దిగింది. ఆ పోటీని తట్టుకోవాల్సిన అవసరం అలీబాబాకు సార్స్ లేకున్నా ఉండేది. వ్యాధి ఆ ప్రయాణాన్ని వేగవంతం చేసి ఉండవచ్చు. అంతకు మించి చెప్పడానికి ఆధారం చాలదు.

మన దగ్గర మొదట కనిపించిన అవకాశం పీపీఈ కిట్లు. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది. ఆర్డర్లు ఆగి బట్టల యూనిట్లలో కుట్టు మిషన్లు ఖాళీగా ఉన్నాయి. మార్చి వరకు ఈ కిట్ల తయారీ దేశంలో నామమాత్రం. మే మధ్యకల్లా రోజుకు నాలుగున్నర లక్షలు తయారవుతున్నాయని కేంద్రం ప్రకటించింది. జూన్ చివర్లో నెలకు 50 లక్షల కిట్ల పరిమితితో ఎగుమతికీ అనుమతించింది. వ్యాధి తగ్గాక ఈ గిరాకీ నిలవలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని ప్రకటించి, కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చింది. పనులన్నీ ఆగిన రోజుల్లో ఆ కూలి డబ్బు ఎంతో ఆదుకుంది. కానీ కొనేది ప్రభుత్వం ఒక్కటే అయినప్పుడు దాన్ని ఉపాధి అనాలి, వ్యాపారం అనలేం.

డిజిటల్ చెల్లింపుల విషయంలో జాగ్రత్త ఇంకా అవసరం. యూపీఐ లావాదేవీలు 2019 అక్టోబరులో సుమారు 115 కోట్లు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల వంద కోట్ల లోపుకు పడిపోయి, అక్టోబరుకల్లా 207 కోట్లకు చేరాయి. ఈ పెరుగుదల అంతా కోవిడ్ పుణ్యమే అనిపిస్తుంది. కానీ అంతకు ముందు ఏడాది, 2018 అక్టోబరు నుంచి 2019 అక్టోబరు దాకా, అవి సుమారు 48 కోట్ల నుంచి 115 కోట్లకు పెరిగాయి. అంటే మహమ్మారికి ముందే పెరుగుదల రేటు ఎక్కువ. నోటు ముట్టుకోవాలంటే కలిగిన భయం కొత్తవాళ్లను ఇటు తిప్పి ఉండవచ్చు గానీ, దారి అప్పటికే పడి ఉంది.

ఆన్‌లైన్ చదువులది వేరే కథ. బైజూస్ విలువను 2022లో 2,200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2024 జులైలో అదే సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. అప్పులు, నిర్వహణ లోపాలు కూడా ఇందులో ఉన్నాయి కనుక బడులు తెరవడం ఒక్కటే కారణమనలేం.

నేను ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నది మందుల రంగాన్ని. 2020 ఆరంభంలో చైనాలో ఫ్యాక్టరీలు మూతపడగానే మన మందుల కంపెనీలకు ముడిసరుకు భయం పట్టుకుంది. మనం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు అక్కడివే. మార్చి 3న పారాసెటమాల్ సహా 26 రకాల మందులు, ముడిసరుకుల ఎగుమతిని కేంద్రం పరిమితం చేసింది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ నీడలో ఎదిగిన హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు ఇది తన ఇంటి సమస్యే. అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్‌లకు మూలమైన పెన్సిలిన్-జి ఒకప్పుడు దేశంలో తయారయ్యేది. చైనా సరుకు చౌకగా రావడంతో 1990ల నుంచి ఆ యూనిట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఈ లోటును పూడ్చడానికి కేంద్రం 2020 మార్చిలోనే రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. దాని కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ కాకినాడ జిల్లా తొండంగి మండలంలో ఏటా 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి కర్మాగారం కట్టింది. ఉత్పత్తి మొదలైంది 2024లో. అవసరం బయటపడిన నాలుగేళ్లకు సరుకు వచ్చిందన్నమాట. పెన్సిలిన్-జి తయారయ్యేది ఫెర్మెంటేషన్ (పులియబెట్టే) పద్ధతిలో; ఆ పరిశ్రమకు కరెంటు, ఆవిరి ఎడతెగకుండా కావాలి. పెద్ద ఎత్తున చేస్తేనే ఖర్చు గిట్టుబాటవుతుంది. ఇంటి పొదుపు పెట్టుబడిగా పెట్టి, నెల తిరిగేసరికి అద్దె కట్టాల్సిన చిన్న వ్యాపారి ఇంతకాలం ఆగలేడు. మహమ్మారి చూపిన లోటు అందరిదీ అయినా, దాన్ని అవకాశంగా మార్చుకునే స్తోమత కొందరికే ఉంది. విధానాలు రాసేవాళ్లు ఈ తేడాను గుర్తించాలి. చిన్న యూనిట్లకు నిలకడైన కొనుగోలు ఒప్పందాలు ఇవ్వకుండా, సంక్షోభాన్ని అవకాశంగా మలుచుకోమని చెప్పడం న్యాయం కాదు.

కాకినాడ ప్రయత్నం కూడా నెగ్గిందని ఇప్పుడే తీర్పు చెప్పకూడదు. చైనా ఉత్పత్తిదారులు ధర తగ్గిస్తే తట్టుకోగలదా అన్నదే అసలు పరీక్ష. ఈ పథకం నిబంధనల ప్రకారం ఫెర్మెంటేషన్ ఉత్పత్తులకు మొదటి నాలుగేళ్లు అమ్మకాలపై 20 శాతం ప్రోత్సాహకం ఉంటుంది. 2027-28లో అది 15 శాతానికి, 2028-29లో 5 శాతానికి తగ్గుతుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు.