పాత జీపు, కొత్త ఇంజన్: నంద్యాల–ఆళ్లగడ్డ దారిలో ఒక సాంకేతిక చరిత్ర

చరిత్రకు ఆధారాలు అనగానే మనకు శాసనాలు, కైఫియత్తులు, జిల్లా గెజిటీర్లు గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసంలో మనం పరిశీలించే ఆధారం ఒక పాత జీపు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారిలో మా తరం వాళ్లు చూసిన జీపుల్లో చాలావాటికి బాడీ ఒక కాలానిది, ఇంజన్ మరో కాలానిది. ఈ తేడా ఎలా వచ్చింది, దానివల్ల ఎవరికి ఏం జరిగింది అన్నదే మన ప్రశ్న.

జీపు రెండవ ప్రపంచయుద్ధం కోసం అమెరికాలో రూపొందిన బండి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు మన దేశంలో అమ్ముడయ్యాయి. 1945లో ఏర్పడిన మహీంద్రా సంస్థ కొద్ది సంవత్సరాలకే బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగాలతో బిగించడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం ఆరంభమయ్యాక పల్లె ప్రజలకు జీపు అంటే బ్లాకు అధికారి బండి. ప్రభుత్వం వేలం వేసిన జీపులు తరవాత రైతుల చేతికి వచ్చాయి. నల్లరేగడి నేల గురించి తెలిసినవారికి కారణం చెప్పనక్కరలేదు. వాన పడితే ఆ బాటల్లో కారు ఇరుసు దాకా దిగబడుతుంది, నాలుగు చక్రాలూ లాగే జీపు బయటపడుతుంది. రాయలసీమ జీపును సినిమాల వాళ్లు వేరే పనికి వాడుకున్నారు గాని, నేను చూసిన జీపుల్లో ఎక్కువగా వేరుశనగ బస్తాలు, పెళ్లివారు, పురిటి నొప్పులతో ఉన్న ఆడవాళ్లు ప్రయాణించారు.

ఒక విషయం గమనించండి. మన దేశంలో చాలాకాలం తయారైన సీజే-3బీ జీపు పుట్టిందే ఇంజన్ మార్పుతో. విల్లీస్ వాళ్ల పాత ఇంజన్‌లో వాల్వులన్నీ పక్కన ఉండేవి. కొత్త హరికేన్ ఇంజన్‌లో గాలి లోపలికి వచ్చే వాల్వులను పైకి మార్చారు. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగింది. 1953లో కంపెనీ చేసిందల్లా పాత బాడీకి బానెట్‌ను పైకి లేపి కొత్త ఇంజన్‌ను అందులో ఇమడ్చడమే. ఆ జీపు ముఖం అంత ఎత్తుగా ఉండటానికి కారణం ఇదే.

ఆ ఇంజన్ పెట్రోలుది. 1973లో అరబ్ దేశాల చమురు నిర్ణయాల వల్ల ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే సుమారు నాలుగింతలైంది. 1979లో మరో దెబ్బ తగిలింది. ప్రభుత్వం రైతుల కోసం, లారీల కోసం డీజిల్ ధరను తక్కువగా ఉంచింది. ఇక పెట్రోలు జీపు ఉన్న ప్రతివాడూ డీజిల్ ఇంజన్ కోసం వెతకడం మొదలుపెట్టాడు.

దగ్గరలో దొరికేది ట్రాక్టర్ ఇంజన్. దానితో చిక్కేమిటో లెక్క వేసి చూద్దాం. ట్రాక్టర్ ఇంజన్ నిమిషానికి సుమారు 2,000 చుట్ల దగ్గర పనిచేస్తుంది. జీపు ఇరుసులో పళ్ల నిష్పత్తి 5.38. అంటే టాప్ గేరులో చక్రం నిమిషానికి 372 చుట్లు తిరుగుతుంది. చక్రం ఒక చుట్టుకు సుమారు రెండుంపావు మీటర్లు సాగుతుంది. గంటకు వచ్చేది 50 కిలోమీటర్లే. బరువు లాగడానికి బాగుంటుంది, రాత్రిపూట రోగిని కర్నూలు చేర్చడానికి చాలదు.

మహీంద్రా సంస్థ ఫ్రాన్సుకు చెందిన ప్యూజో వారి అనుమతితో చేసిన ఎక్స్‌డీపీ 4.90 ఇంజన్ ఈ కొరత తీర్చింది. దాని పేరులోనే వివరం ఉంది: నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల వ్యాసం. పరిమాణం 2,112 సీసీ. నిమిషానికి 4,500 చుట్ల దాకా తిరుగుతుంది కాబట్టి పాత ఇరుసుతోనే వేగం అందుతుంది.

1980లలో మా పెదనాన్న తన పెట్రోలు జీపుకు ఒక ప్రమాదంలో పాడైన బండి నుంచి తీసిన అలాంటి ఇంజన్ పెట్టించాడు. ఇంజన్‌కూ పాత గేరుబాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో ఒక ఇనుప ప్లేటును లేతు మీద కోసి బిగించారు. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్ తినేస్తుంది. ఆ పని మేస్త్రి బాగానే చేశాడు. మరిచిపోయింది కమాన్ కట్టలను. పెట్రోలు ఇంజన్ గాలిని సుమారు ఏడు రెట్లు నొక్కితే డీజిల్ ఇంజన్ ఇరవై రెట్లకు పైగా నొక్కుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి మందంగా పోత పోస్తారు, బరువు పెరుగుతుంది. అహోబిలం దారిలో ముందు కుడివైపు కమాన్ విరిగింది. అదృష్టం కొద్దీ బండి నెమ్మదిగా పోతోంది. తరవాత రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేయించారు. అప్పుడు ఖాళీ బండిలో కూర్చున్నవారి నడుములు విరిగేవి. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులతో 2000లో బొలెరో వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ జీపు ప్రయాణాన్ని సుఖమని అనలేదు.

అసలు నష్టం మరోచోట జరిగింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారమే బండిలో చేసిన మార్పును రిజిస్టర్ చేసే అధికారికి తెలపాలి. పెదనాన్న తెలపలేదు. ఆర్.సి. పుస్తకంలో ఇంధనం పెట్రోలు అనే ఉండిపోయింది, ఇంజన్ నెంబరు పాతదే. కూతురి పెళ్లికి అమ్మబోతే కొనేవాడు ఆ నెంబరు చూసి వెనక్కి తగ్గాడు. చివరికి బండి పాత ఇనుము ధరకు పోయింది.

1988 చట్టంలోని 52వ సెక్షను మొదట్లో అధికారి అనుమతితో మార్పులకు వీలు కల్పించింది. 2000లో చేసిన సవరణ, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. గ్యాసు, బ్యాటరీ వంటి ఇంధన మార్పిడి కిట్లకు మాత్రం షరతులతో మినహాయింపు ఇచ్చింది. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. విరిగిన కమాన్‌ను చూసినవాణ్ణి కాబట్టి చట్టం ఉద్దేశాన్ని నేను కాదనలేను. కాని రోడ్డు మీద జనాన్ని మోసిన ఆ తరం జీపులు చాలావరకు ఇలా మార్చినవే. వాటి నిజమైన చరిత్ర రికార్డుల్లో లేదు, లేతు పనివాళ్ల జ్ఞాపకాల్లో ఉంది.

అభ్యాసం: మీ ఊరిలో 1990కి ముందు తయారైన ఒక జీపును గాని ట్రాక్టర్‌ను గాని యజమాని అనుమతితో పరిశీలించండి. ఛాసిస్, ఇంజన్, కమాన్ కట్టలు ఏ కాలానివో మేస్త్రిని అడిగి రాయండి. ఆర్.సి.లోని వివరాలతో పోల్చి, తేడా ఉంటే ఆ మార్పు ఏ సంవత్సరంలో, ఏ అవసరం కొద్దీ జరిగిందో ఒక పుటలో వివరించండి.