సాలూరు సంత వెనుకటి చిట్టా

సాలూరు సంతకు గిరిజనులు చింతపండు, పసుపు తెచ్చి, ఉప్పు, బట్టలు కొనిపోవుట మన మెఱిగినదే. ఆ బేరము వెనుక అప్పుచిట్టా నడచుచుండెడిది. ఉప్పు నేడు, చెల్లింపు పంటనాడు. నడుమ వడ్డి పెరుగును, పంటకు వెల షావుకారే కట్టును, తుదకు కొండపొలము చేతులు మారును.

ఏజెన్సీ ప్రాంతములకై వచ్చిన 1917వ సంవత్సరపు చట్టము, గిరిజనుని అప్పుపై వడ్డి ఏటికి నూటికి 24 మించరాదనియు, చక్రవడ్డి చెల్లదనియు, మొత్తము వడ్డి అసలును దాటరాదనియు శాసించెను. ఈ కడపటి నియమము దొరల కల్పన యని మనలో కొందఱు సణుగుట విన్నాను. కాదు, ఒక్కమాఱుగా తీర్చెడి ఋణము వృద్ధితో కూడ ద్విగుణమును మించరాదని మనుస్మృతియే విధించినది. శ్రాద్ధమునకు స్మృతిని వెదకు మనము చిట్టా వ్రాయునపుడు దానిని మఱచితిమి.

ఏజెంటు అనుమతి లేక గిరిజనేతరునికి భూమి నమ్మరాదనియు నా చట్టమే పలికెను. 1959 నాటి నిబంధనకు 1970లో జరిగిన సవరణ మఱింత బిగించెను. మన యటకలపై పాతచిట్టాలు మిగిలియున్నచో, దింపి చదువుడు.