ఒకే అడవి, వేర్వేరు నెలవులు: గుతియన్‌షాన్ వృక్షజాతుల సహజీవనం

ఒకే అడవిలో వందకు పైగా వృక్షజాతులు ఒకదాన్నొకటి తొలగించకుండా ఎలా మనగలుగుతున్నాయి? 1957లో హచిన్సన్ ఇచ్చిన జీవావరణ స్థానపు నిర్వచనం, ప్రతి జాతికీ తనదైన మనుగడ పరిధి ఉంటుందన్న దృష్టిని స్థిరపరచింది. 2001లో హబ్బెల్ తటస్థ సిద్ధాంతం జాతులను సమానబలం గలవిగా భావించి, వాటి హెచ్చుతగ్గులకు యాదృచ్ఛికతను, విత్తనవ్యాప్తి పరిమితిని కారణాలుగా చూపింది.

ఈ వివాదానికి చైనాలోని జెజియాంగ్ ప్రాంతపు ఉపోష్ణమండల అడవి గుతియన్‌షాన్ పరీక్షాస్థలమైంది. 2005లో అక్కడ 24 హెక్టార్లలో, కాండవ్యాసం కనీసం 1 సెంటీమీటరు ఉన్న ప్రతి మొక్కనూ లెక్కించగా 159 జాతులు కనిపించాయి. 2009లో వెలువడిన లెజాండ్ర్ బృందపు విశ్లేషణ, లోయలకూ గట్లకూ జాతుల కూర్పు మారుతుందని చూపింది. అయితే నేల ఎత్తుపల్లాలు ఆ వైవిధ్యంలో కొంతభాగాన్నే వివరించగలిగాయి. కనుక ఆవాసభేదం సహజీవనానికి బలమైన ఆధారమే గాని, ఏకైక కారణం కాదు. కొండంతటా ఒకే జాతిని నాటే వనీకరణ ఆ ఆధారాన్నే విస్మరిస్తుంది.