కంటి శిబిరాలూ, ఖుర్జా తీర్పూ

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టరును కాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు కంటి శిబిరాల కాగితాలు చూసిన గుమాస్తాను.

ఆ రోజుల్లో బడికి సెలవులిస్తే తరగతి గదే ఆపరేషన్ థియేటరు. బెంచీలు బయటవేసి, గోడలకు సున్నం కొట్టించి, లోపల బల్లలు వరుసగా వేసేవారు. ఆపరేషన్ అయినవారు చాపల మీద, తల కదలకుండా ఇరుపక్కలా ఇసుక సంచులతో పడుకునేవారు. దీన్ని ఎగతాళిగా వ్రాయడం లేదు. పట్నం పోలేని ముసలివారికి ఇంకో దారి లేదు. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీగారు ఊరూరా తిరిగి లక్షల సంఖ్యలో ఆపరేషన్లు చేసిన మహానుభావులు.

మా నెలసరి రిటర్నులో 'చేసిన ఆపరేషన్లు' అనే కాలమ్ ఉండేది. 'చూపు వచ్చినవారు' అనే కాలమ్ లేదు. అప్పట్లో అది నాకు తట్టనూ లేదు.

శుక్లాన్ని సూదితో లోపలికి నెట్టే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. 1747లో ఫ్రాన్సులో జాక్ దావియెల్ కన్ను కోసి శుక్లాన్ని బయటకు తీశాడు. చూపు మెరుగైంది గాని, క్రిములకు దారి వెడల్పయింది. కంటిగుడ్డు లోపలి జిగురు ద్రవంలో రక్తనాళాలు లేవు. రక్తం చేరనిచోట ఒంటి రక్షణా ఆలస్యంగానే చేరుతుంది. అందుకే అక్కడ పడిన క్రిమి ఒకటి రెండు రోజుల్లో కన్నంతా చీము పట్టించగలదు.

1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో జరిగింది అదే. ఒక సేవాసంస్థ పెట్టిన శిబిరంలో 108 మందికి ఆపరేషన్లయ్యాయి. వారిలో 88 మందివి శుక్లాలు. 84 మందికి ఆపరేషనైన కన్ను శాశ్వతంగా పోయింది. కళ్ళకు వాడిన సెలైన్‌లోనే దోషమని తేలింది. ఒక్కరికి చీము పడితే క్రిమి చాలావరకు ఆ రోగి కనురెప్పల మీదిదే. ఒకేసారి ఇంతమందికి పట్టిందంటే అందరి కళ్ళకూ తగిలిన దేనిలోనో ఉన్నట్టు.

వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1989 తీర్పులో, అంతకుముందిచ్చిన రూ.5,000 కాక ఒక్కొక్కరికి మరో రూ.12,500 రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలని, మానవతాదృష్టితో ఆదేశించారు. కన్నుకు మొత్తం పదిహేడువేల అయిదువందలు! పేపర్లో చదివి ఆ రోజు అన్నం సయించలేదు.

1994లో ప్రపంచబ్యాంకు సాయంతో మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో మొదలైన పథకం ఆపరేషన్లను బడి గదుల నుంచి ఆసుపత్రులకు మళ్ళించింది. ఊళ్ళో పరీక్ష, ఆసుపత్రిలో ఆపరేషన్. ఆపరేషన్‌కు ముందు కంట్లో పోవిడోన్ అయోడిన్ వేస్తే చీము తగ్గుతుందని 1991లో అమెరికా డాక్టర్లు చూపారు. చివర్లో కంటిలోపలికి సెఫురాక్సిమ్ ఇస్తే ముప్పు దాదాపు అయిదోవంతుకు పడిపోతుందని 2007లో యూరప్ పరిశీలన తేల్చింది. ఇంత జాగ్రత్తలోనూ ముప్పు సున్నా కాలేదు. ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి.

నాకూ కుడికన్నుకు అయింది. రెండూ ఒకేరోజు కానివ్వమంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మర్నాడు కట్టు విప్పి అక్షరాలు చదివించారు. పాత అలవాటు కొద్దీ నర్సు చేతిలోని కాగితంలోకి తొంగిచూశాను. చూపు ఎంత వచ్చిందో వ్రాసే గడి ఉంది. ఆమె అందులో అంకె వేస్తోంది.